యార్క్‌లో తగలబెట్టిన అప్పు పత్రాలు

మా అమ్మాయి పురుడు కోసం కిందటేడు చలికాలంలో ఇంగ్లండులోని లీడ్స్ వచ్చాను. పాపకు నెల దాటాక ఒక శనివారం మా అల్లుడు, "ఎంతకాలం ఇంట్లోనే కూర్చుంటారు అత్తయ్య గారూ, యార్క్ చూసొద్దాం రండి" అని కారు తీశాడు. అక్కడి పెద్ద చర్చి, యార్క్ మిన్‌స్టర్, నాకు చూపించాలని అతని సరదా. కారు ఆపింది మాత్రం పాత కోట పక్కనున్న పార్కింగ్‌లో. దిగి చూస్తే ఎదురుగా గుండ్రంగా, నిటారుగా ఒక మట్టిదిబ్బ. దాని నిండా పసుపుపచ్చని డాఫొడిల్ పూలు. పైన రాతి బురుజు. క్లిఫర్డ్స్ టవర్ అంటారట. మార్చి నెల ఎండ. ఈ దేశం వచ్చాక అంత అందమైన చోటు నేను చూడలేదు. పాపను గుండెలకు కట్టుకుని మా అమ్మాయి మెట్ల ముందు నిలబడితే అల్లుడు ఫొటోలు తీశాడు.

ఆ మెట్ల దగ్గర్లోనే ఒక ఫలకం ఉంది. 1190 మార్చి 16, శుక్రవారం రాత్రి, సుమారు 150 మంది యూదులు ఈ కోటలో తలదాచుకున్నారని, రిచర్డ్ మలబీస్, మరికొందరు రెచ్చగొట్టిన గుంపు వాళ్ళను చుట్టుముట్టిందని, మతం వదులుకోవడం కన్నా ఒకరి చేతుల్లో ఒకరు చావడమే మేలని వాళ్ళు అనుకున్నారని దాని మీద రాసి ఉంది. నాలుగైదు వరుసలు, అంతే. "ఒకరి చేతుల్లో ఒకరు" అన్న దగ్గర ఆగిపోయాను. అంటే తండ్రి చేతుల్లో పిల్లలు. నా పక్కన నెల రోజుల పిల్ల నిద్రపోతోంది.

ఆ రోజు చర్చి సరిగ్గా చూడలేదు. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. బాలింతకు పథ్యం వండి, పాపకు స్నానం చేయించి, మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పడుకున్నాక చదివేదాన్ని. నేను చరిత్ర చదువుకున్న మనిషిని కాదు. ఒక గ్రామీణ బ్యాంకులో ముప్పై రెండేళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం లోన్ల సెక్షన్లోనే. ప్రోనోట్లు, తాకట్టు దస్తావేజులు, జామీను సంతకాలు, ఇదీ నా ప్రపంచం. అందుకేనేమో, యార్క్ కథలో అందరూ బురుజు గురించి రాస్తుంటే నాకు మాత్రం ఆ మర్నాడు జరిగిన సంగతి వదలడం లేదు.

జరిగింది ఇదీ. 1189 సెప్టెంబరు 3న లండన్‌లో మొదటి రిచర్డ్‌కు పట్టాభిషేకం. రాజుకు కానుకలు తీసుకుని యూదు పెద్దలు కొందరు వెళ్ళారు. క్రైస్తవ పట్టాభిషేకంలోకి వాళ్ళను రానివ్వకూడదని ముందే ఆజ్ఞ ఉంది. గుమ్మం దగ్గర తోపులాట మొదలై, కొట్టడం దాకా వెళ్ళి, రాజే వాళ్ళను చంపమన్నాడని ఊరంతా పుకారు పాకి, యూదుల ఇళ్ళు తగలబడ్డాయి. వెళ్ళినవాళ్ళలో యార్క్ నుంచి ఇద్దరు షావుకార్లు ఉన్నారు, బెనెడిక్ట్, జోస్. బెనెడిక్ట్‌ను చావుదెబ్బలు కొట్టి, యార్క్ నుంచే వచ్చిన ఒక మఠాధికారి చేత అక్కడికక్కడే బాప్తిస్మం ఇప్పించారు. మర్నాడు రాజు పిలిపించి అడిగితే, ప్రాణభయంతో ఒప్పుకున్నాను గానీ నేను యూదుడినే అని చెప్పాడు. పక్కనే ఉన్న కాంటర్బరీ ఆర్చిబిషప్, అంటే ఆ దేశపు చర్చికి పెద్ద, దేవుడి మనిషిగా ఉండనంటే దెయ్యం మనిషిగా ఉండనివ్వండి అన్నాడట. ఆ దెబ్బలతోనే బెనెడిక్ట్ దారిలో నార్తాంప్టన్‌లో చనిపోయాడు. శవాన్ని క్రైస్తవులు తమ శ్మశానంలోకి రానివ్వలేదు, యూదులు తమ శ్మశానంలోకి రానివ్వలేదు. ఒక రోజు బాప్తిస్మం మనిషికి ఆరడుగుల నేల కూడా లేకుండా చేసింది.

రాజు క్రూసేడు అనే మతయుద్ధానికి సముద్రం దాటి వెళ్ళిపోయాడు. ఆరు నెలలకు ఆ మంట యార్క్ చేరింది. ఒక రాత్రి బెనెడిక్ట్ ఇంటి మీద పడి, అతని భార్యను, పిల్లలను, ఇంట్లో ఉన్నవాళ్ళను చంపి, ఇల్లు దోచుకుని తగలబెట్టారు. జోస్ మిగిలిన కుటుంబాలను వెంటబెట్టుకుని రాజుగారి కోటలోకి చేరాడు. ఇప్పుడున్న రాతి బురుజు తర్వాత కట్టింది. అప్పుడు అదే దిబ్బ మీద చెక్క బురుజు ఉండేది. కోట అధికారి ఏదో పని మీద బయటికి వెళ్ళి తిరిగొస్తే, మనల్ని అప్పగించడానికే వెళ్ళాడేమోనని లోపలివాళ్ళు తలుపు తీయలేదు. అతను ఆ ప్రాంతంలో రాజు ప్రతినిధి అయిన షెరీఫ్‌తో చెప్పుకున్నాడు. షెరీఫ్ సైన్యాన్ని దింపాడు. కాపాడాల్సిన సైన్యమూ, చంపడానికొచ్చిన గుంపూ ఒకే వైపు చేరాయి. తెల్లని వస్త్రాలు కట్టుకున్న ఒక సన్యాసి ప్రతి ఉదయం ప్రార్థన చేసి, గోడ దగ్గరికొచ్చి, క్రీస్తు శత్రువులను నలిపేయండి అని అరిచేవాడట. అది యూదుల పస్కా పండుగకు ముందు వచ్చే శనివారానికి ముందటి శుక్రవారం రాత్రి. ఫ్రాన్స్‌లోని జోయ్నీ నుంచి వచ్చిన రబ్బీ (యూదుల మతగురువు) యోం తోవ్ మాట మీద కుటుంబ పెద్దలు తమ వాళ్ళను తామే చంపుకున్నారు. మొదట జోస్ తన భార్య అన్నాను చంపాడు. ఆ రబ్బీ రాసిన ఒక ప్రార్థన గీతాన్ని యోం కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినపు రాత్రి ఇప్పటికీ సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థన మందిరాల్లో, పాడతారు.

అందరూ చావలేదు. కొందరు తెల్లవారాక గోడ మీద నిలబడి, బాప్తిస్మం తీసుకుంటాం, ప్రాణాలు కాపాడండి అన్నారు. సరే రమ్మన్నారు. బయటికి వచ్చాక నరికేశారు.

అక్కడి నుంచి ఆ గుంపు నేరుగా మిన్‌స్టర్‌కు వెళ్ళింది. యూదులకు బాకీ ఉన్నవాళ్ళు రాసిచ్చిన పత్రాలను భద్రత కోసం ఆ చర్చిలోనే ఉంచేవారు. కాపలావాళ్ళను బెదిరించి వాటిని బయటికి లాగి, చర్చి నేల మధ్యలో కుప్ప పోసి తగలబెట్టారు. ఫలకంలో పేరున్న మలబీస్ యూదులకు పెద్ద బాకీదారు. ఈ కథను మనకు వివరంగా అందించిన న్యూబర్గ్ విలియం అనే మఠవాసి, యూదులంటే ఇష్టం లేనివాడే అయినా, అసలు నడిపించింది అప్పుల్లో మునిగిన పెద్దమనుషులే అని రాశాడు. ఫలకం మీద అప్పు మాట గానీ చర్చి మాట గానీ లేదు.

ఇదంతా భోజనాల దగ్గర చెబితే మా అల్లుడు, "చూశారా అత్తయ్య గారూ, నేననేది అదే. మతం గితం ఏమీ లేదు. అప్పు ఎగ్గొట్టడానికి మతాన్ని అడ్డం పెట్టుకున్నారు. ఎక్కడైనా అంతే" అన్నాడు. ఆ రాత్రి నాకూ అదే నిజమనిపించింది. నా ఉద్యోగం అలాంటిది. వసూలుకు వెళ్ళినప్పుడు మనుషుల ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. కానీ చదువుతున్నకొద్దీ ఆ మాట సరిపోవడం లేదని తెలిసింది. "అంతా డబ్బే" అనడం తెలివైన మాటలా వినిపిస్తుంది, సగం నేరాన్ని మాత్రం చూపించకుండా వదిలేస్తుంది. ఇది రాయడానికి కారణం అదే.

అప్పులివ్వడం యూదుల చేతికి ఎలా వచ్చిందో ముందు చూడాలి. 1066 తర్వాత నార్మన్ రాజు విలియం వాళ్ళను ఫ్రాన్స్‌లోని రువాన్ నుంచి తెచ్చుకున్నాడు. ఇంగ్లండులో భూమి అనుభవించాలంటే ప్రభువుకు క్రైస్తవ పద్ధతిలో ప్రమాణం చెయ్యాలి. చేతిపనుల సంఘాల్లో చేరాలన్నా అంతే. క్రైస్తవుడు క్రైస్తవుడి దగ్గర వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి నిషేధించింది. ఊరికి అప్పు కావాలి, ఇచ్చేవాడికి వేరే బతుకుతెరువు ఉండకూడదు. ఈ రెండూ కలిపి చూస్తే షావుకారును తయారుచేసింది ఎవరో అర్థమవుతుంది. వడ్డీ మాటంటారా, పౌనుకు వారానికి రెండు పెన్నీలు మించకూడదని 1233లో రాజు కట్టడి చేశాడు. పౌనుకు 240 పెన్నీలు కాబట్టి, మన లెక్కలో నూటికి నెలకు మూడు రూపాయల అరవై పైసలు. ఎక్కువే. కానీ మా బ్రాంచి ఉన్న ఊళ్ళో ఐదు రూపాయల వడ్డీ, పది రూపాయల వడ్డీ తీసుకునేవాళ్ళు పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చునేవారు.

ఆ వడ్డీ చివరికి ఎవరికి చేరేది? రాజుకు. చట్టం ప్రకారం యూదులు రాజుగారి సొత్తు. లింకన్ ఊరి ఆరన్ అనే షావుకారు 1186లో చనిపోతే ఆస్తీ, రావలసిన బాకీలూ రాజు స్వాధీనం చేసుకున్నాడు. ఆ బాకీలు ఎన్నంటే, వాటి వసూలుకే ఖజానాలో ఒక ప్రత్యేక శాఖ పెట్టాల్సి వచ్చింది. యార్క్ ఘటన తర్వాత నాలుగేళ్ళకు, 1194లో, కొత్త పద్ధతి పెట్టారు. అప్పు పత్రాన్ని ఒకే తోలు మీద రెండుసార్లు రాసి, మధ్యకు కోసి, ఒక ముక్క అప్పిచ్చినవాడికి, రెండోది ఊరి పెట్టెలో. ఆ పెట్టెకు మూడు తాళాలు, తాళాలు వేర్వేరు మనుషుల దగ్గర. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా బ్యాంకులో జాయింట్ కస్టడీ అంటాం. స్ట్రాంగ్ రూమ్ ఇద్దరుంటే గానీ తెరుచుకోదు. ముప్పై రెండేళ్ళు ఆ తాళం చెవి నా కొంగుకు ఉండేది. యార్క్ నుంచి రాజ్యం నేర్చుకున్న పాఠం అదీ: కాగితాలు ఇక కాలకూడదు. మనుషుల కోసం అలాంటి తాళం ఎవరూ చెయ్యలేదు. ఆ మారణకాండకు ఒక్కరికి కూడా ఉరి పడలేదు. ఊరికి జరిమానాలు వేశారు, షెరీఫ్‌ను తీసేశారు, మలబీస్‌కు కొన్నాళ్ళకు భూములు తిరిగి వచ్చాయి.

1255లో మూడో హెన్రీ రాజు తన యూదులను తమ్ముడు కార్న్‌వాల్ రిచర్డ్‌కు 5,000 మార్కులకు (మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు) తాకట్టు పెట్టాడు. పొలాన్ని పెట్టినట్టు, నగను పెట్టినట్టు మనుషులను. ఇలాంటివి చూస్తే మా అల్లుడి మాటే నిజమనిపిస్తుంది.

అయితే ఒక ప్రశ్న. ఆ దేశంలో అప్పులిచ్చింది యూదులొక్కళ్ళేనా? కాదు. ఫ్రాన్స్‌లోని కాహోర్ నుంచీ ఇటలీ నుంచీ వచ్చిన క్రైస్తవ వ్యాపారులు పోపు పన్నుల వసూలు పేరుతో వచ్చి, వడ్డీకి వేరే పేర్లు పెట్టి అప్పులిచ్చేవారు. వాళ్ళను తిట్టినవాళ్ళున్నారు. 1235లో లండన్ బిషప్ వాళ్ళను వెలివేశాడు కూడా, పోపు అండ ఉండటంతో అది సాగలేదు. ఇటలీలోని లూకా నగరానికి చెందిన రికార్డీ కంపెనీ ఇరవై ఏళ్ళకు పైగా మొదటి ఎడ్వర్డ్ రాజుకు అప్పులిచ్చింది. 1294లో రాజుకు వాళ్ళ మీద కోపం వచ్చింది. ఏం చేశాడు? ఆస్తులు జప్తు చేశాడు. కంపెనీ మునిగింది. వాళ్ళ ఇళ్ళ మీదికి ఊరు ఊరంతా వెళ్ళలేదు, వాళ్ళ పిల్లలను ఎవరూ చంపలేదు. మఠాల సంగతి సరేసరి. యూదుల దగ్గర పత్రాలు తక్కువకు కొనుక్కుని, బాకీ తీర్చలేని చిన్న ప్రభువుల భూములు కలుపుకున్న మఠాలు ఎన్నో ఉన్నాయి. ఆ పత్రాల కోసం మఠాలను ఎవరూ ముట్టడించలేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక కరువు ఏడాది వసూళ్ళకు నేనూ, మా ఫీల్డ్ ఆఫీసరూ ఒక ఊరు వెళ్ళాం. ఆయన ముస్లిం. మాకు మూడు ఊళ్ళ అవతల పుట్టినవాడు, వాళ్ళ తాతముత్తాతలదీ ఆ ఊరే. ఒకే రైతు, ఒకే పంట రుణం, ఒకే నోటీసు. నన్ను చూసి ఆ రైతు, "మీ బ్యాంకోళ్ళకి కనికరం లేదా తల్లీ" అన్నాడు. ఆయన్ని చూసి, "మా దేశంలో ఉంటా మా దగ్గరే వసూలు చేస్తావా" అన్నాడు. నాకు తగిలింది బ్యాంకు మీద కోపం. ఆయనకు తగిలింది ఆయన పుట్టుక మీద. మేము తిరిగొచ్చేసరికి ఆయన మోటారు సైకిలు సీటు కోసేసి ఉంది. తర్వాత ఇంటివాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు, వేరే ఇల్లు దొరకలేదు, ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నేను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. జీపులో కూర్చుని నోటీసుల లెక్క చూసుకున్నాను. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

కోపం అప్పులోంచే పుట్టింది, ఒప్పుకుంటాను. ఆ కోపం ఎవరి మీద ఎంతవరకు వెళ్ళవచ్చో నిర్ణయించింది మతం. అల్లుడితో నేను వాదించింది ఇదే. అప్పు లేకపోతే యార్క్‌లో గుంపు చేరేది కాదేమో. మతం చెప్పిన కథలు లేకపోతే చేరిన గుంపు జప్తు దగ్గర ఆగేది.

ఆ కథలు ఎక్కడ పుట్టాయో కూడా చూడండి. 1144లో నార్విచ్ అనే ఊళ్ళో విలియం అనే పన్నెండేళ్ళ పిల్లవాడి శవం అడవిలో దొరికింది. చంపింది ఎవరో తేలలేదు. కొన్నేళ్ళకు మన్మత్ థామస్ అనే మఠవాసి, యూదులే పండుగకు బలి ఇచ్చారని పుస్తకం రాశాడు. యూదులు క్రైస్తవ పిల్లలను చంపుతారన్న ఆ అబద్ధం యూరప్‌లో మొదట రూపం కట్టింది ఇంగ్లండులోనే. పిల్లవాడి సమాధి దగ్గర మహిమలు జరుగుతాయన్నారు, జనం వచ్చారు, దీపాలు పెట్టారు. 1255లో లింకన్‌లో హ్యూ అనే పిల్లవాడి శవం బావిలో దొరికితే ఈసారి రాజే స్వయంగా వచ్చి కోపిన్ అనే యూదుణ్ణి ఉరి తీయించాడు. దాదాపు 90 మందిని లండన్ పట్టుకెళ్ళి, అందులో 18 మందిని ఉరి తీశారు. వాళ్ళ ఆస్తి రాజుకు, పిల్లవాడి సమాధి కానుకలు చర్చికి. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. భక్తి మీద నాకు కోపం లేదు. పిల్లాడు పోయిన తల్లి కడుపుమంటను తీసుకుని దాన్ని పొరుగువాడి మీదికి తిప్పడం ఏ దేవుడికీ చేసే సేవ కాదు, అంతే నేననేది.

2004లో అదే నార్విచ్‌లో షాపింగ్ సెంటరు కట్టడానికి తవ్వుతుంటే పాత బావిలో ఎముకలు బయటపడ్డాయి. కనీసం 17 మంది. అందులో 11 మంది పిల్లలు. కొందరిని తలకిందులుగా వేశారు. డీఎన్ఏ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. యూదులే అయ్యే అవకాశం బలంగా ఉందని, ముగ్గురు సొంత అక్కచెల్లెళ్ళని తేలింది. ఒకమ్మాయి పెద్దది, ఒకమ్మాయి పదీ పదిహేనేళ్ళ మధ్య, చిన్నది పదేళ్ళ లోపు. ఇంకో పసివాడు, మూడేళ్ళు కూడా లేవు, నీలి కళ్ళు, ఎర్ర జుట్టు. 1190 ఫిబ్రవరిలో, యార్క్‌కు నెల రోజుల ముందు, నార్విచ్‌లో యూదుల మీద దాడి జరిగినట్టు రాతలున్నాయి, ఎముకల కాలమూ దానికి సరిపోతోంది. మూడేళ్ళు నిండని పిల్లాడు ఎవరికి అప్పిచ్చాడు? మా అల్లుడిని ఇదే అడిగాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. పాపను తీసుకుని భుజం మీద వేసుకున్నాడు.

చట్టాలు కూడా అదే దారిలో నడిచాయి. 1215లో పోపు సభ, యూదులు బట్టల్లో వేరుగా కనబడాలని తీర్మానిస్తే, దాన్ని మూడేళ్ళలోనే రాజ్యం మొత్తం మీద అమలు చేసిన మొదటి దేశం ఇంగ్లండు. 1222లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ సభ పెట్టి, యూదులు గుర్తు బిళ్ళ ధరించాలని, కొత్త సినగాగులు కట్టకూడదని, క్రైస్తవులు వాళ్ళ ఇళ్ళలో పనికి ఉండకూడదని కట్టడి చేశాడు. ఈ లాంగ్టన్, రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా నాటి పెద్దమనిషి. బైబిలును ఇప్పుడున్న అధ్యాయాలుగా విభజించింది ఆయనే అంటారు. మన ఊళ్ళలో పాస్టరు గారు "యోహాను సువార్త మూడో అధ్యాయం తీయండి" అన్నప్పుడు ఆయన పని మన చేతుల్లో ఉంటుంది. అంత చదువుకున్న, మంచి పనులూ చేసిన మనిషి సంతకం ఆ బిళ్ళ మీద ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మలబీస్ లాంటివాడు ఎక్కడైనా ఉంటాడు.

1275లో ఎడ్వర్డ్ వడ్డీ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాడు. ఏడేళ్ళు దాటిన ప్రతి యూదు పిల్లా పసుపు గుడ్డ కుట్టుకోవాలన్నాడు. వ్యాపారం చేసుకోండి, కౌలుకు భూమి తీసుకోండి అన్నాడు గానీ దానికి దారులన్నీ మూసే ఉన్నాయి. 1278లో నాణేల అంచులు కత్తిరిస్తున్నారని దేశమంతా యూదులను పట్టి, ఒక్క లండన్‌లోనే 260 మందికి పైగా ఉరి తీశారు. అదే నేరానికి ఉరి పడిన క్రైస్తవులు కొద్దిమంది. చివరికి 1290 జులై 18న, నవంబరు 1 లోపు అందరూ దేశం వదలాలని ఆజ్ఞ. మిగిలింది రెండు మూడు వేల మంది. యూరప్‌లో ఒక రాజ్యం తన యూదులందరినీ శాశ్వతంగా వెళ్ళగొట్టడం అదే మొదలు. ఓడ ఎక్కిన ఒక గుంపును థేమ్స్ నది ముఖం దగ్గర ఇసుక మేట మీద దింపి, ఆటుపోటు వస్తుంటే, సముద్రాన్ని చీల్చి దారి చేసిన మీ మోషేను పిలుచుకోండి అని ఓడ నడిపేవాడు వెళ్ళిపోయాడట. అందరూ మునిగిపోయారు. అతనికి ఉరి వేశారు.

అల్లుడు ఇక్కడ మళ్ళీ అందుకున్నాడు. ఆ ఏడాది పార్లమెంటు రాజుకు సుమారు 1,16,000 పౌన్ల పన్ను ఇచ్చింది, యూదులను పంపేస్తేనే ఇచ్చింది, అదీ బేరమే కదా అన్నాడు. బేరమే. కానీ ఆ బేరంలో ఒక మినహాయింపు ఉంది. మతం మారినవాడు ఉండిపోవచ్చు. లండన్‌లో 1232 నుంచి మతం మారినవాళ్ళకు రాజు పెట్టించిన ఒక సత్రం ఉండేది. సమస్య వడ్డీ అయితే అది పదిహేనేళ్ళ కిందటే ఆగిపోయింది. సమస్య డబ్బు అయితే వాళ్ళ దగ్గర పిండుకోవడానికి ఇంక మిగల్లేదు. యార్క్‌కే చెందిన ఇంకో ఆరన్, ఒకప్పుడు దేశంలోకెల్లా ధనవంతుల్లో ఒకడు, పన్నుల కింద 30,000 మార్కులకు పైగా కట్టి చితికిపోయానని తన కాలపు చరిత్రకారుడితో చెప్పుకున్నాడు. 1290 నాటికి అలాంటివాళ్ళు కూడా లేరు. గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్న ఒక్కటే: నువ్వు ఏ దేవుణ్ణి కొలుస్తావు?

యార్క్‌లో బాప్తిస్మానికి ఒప్పుకున్నవాళ్ళను ఎందుకు చంపారన్నది నా వాదానికి ఎదురు నిలిచే సంగతి. దాన్ని దాచను. క్రైస్తవుడైపోయిన షావుకారు కూడా అప్పు అడుగుతాడు, అందుకే చంపారు. అక్కడ అప్పు మతాన్ని దాటిపోయింది. కానీ బాప్తిస్మం ఇస్తామన్న మాటే వల అయింది. ఆ మాట లేకపోతే తలుపు తెరుచుకునేది కాదు.

మళ్ళీ ఇంగ్లండులో యూదులు బహిరంగంగా బతకగలిగింది, రాజును దింపి దేశాన్ని ఏలిన క్రాంవెల్ కాలంలో, 1656 తర్వాత, 366 ఏళ్ళకు. అలా లండన్ చేరిన కుటుంబాల నుంచి కొందరు మన గోల్కొండ వజ్రాల కోసం మద్రాసు వచ్చారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు దాని ఆల్డర్మన్లలో, అంటే నగరసభ పెద్దల్లో, యూదు వర్తకులూ ఉన్నారు. అదే హోదా లండన్ నగరంలో వాళ్ళకు దక్కడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది. యూదు బ్యాంకరు లయొనెల్ రోత్‌చైల్డ్ 1847లో పార్లమెంటుకు ఎన్నికై, క్రైస్తవ ప్రమాణం చెయ్యనన్నందుకు 1858 దాకా సీట్లో కూర్చోలేకపోయాడు.

2022 మే నెలలో ఇంగ్లండు చర్చి, లాంగ్టన్ సభకు 800 ఏళ్ళయిన సందర్భంగా, ఆక్స్‌ఫర్డ్ కెథడ్రల్‌లో ప్రార్థన పెట్టి యూదులను క్షమాపణ అడిగింది. దేశపు ప్రధాన రబ్బీ కూడా వెళ్ళారు. దాని మీద వచ్చిన అభ్యంతరం తెలిసిందే: ఇంగ్లండు చర్చి పుట్టిందే 1534లో, పోపు కాలంలో జరిగినదానికి వీళ్ళెందుకు చెప్పాలి, చేసినవాళ్ళూ లేరు, పడ్డవాళ్ళూ లేరు, ఎవరు ఎవరికి చెబుతున్నట్టు? మా అమ్మాయి కూడా అలాగే అంది. "ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఎందుకమ్మా ఇదంతా?"

దీనికి నా దగ్గర ఒక బ్యాంకు సమాధానం ఉంది. రైతు చనిపోతే కొడుకు వచ్చి, "అప్పు మా నాన్నది, నాది కాదు" అంటాడు. నిజమే, సంతకం అతనిది కాదు. మేము ఒకటే అడిగేవాళ్ళం: పొలం తీసుకున్నావా? తీసుకోకపోతే నీకు సంబంధం లేదు, వెళ్ళు. తీసుకుంటే, తీసుకున్నంత మేరకు అప్పూ నీదే. చట్టం కూడా అదే అంటుంది. 1534లో చర్చి పేరు మారింది. కాంటర్బరీ పీఠం మారలేదు, లింకన్ కెథడ్రల్ మారలేదు, యార్క్ మిన్‌స్టర్ మారలేదు. భవనాలు తీసుకున్నారు, ఆర్చిబిషప్పుల వరస తీసుకున్నారు, గౌరవం తీసుకున్నారు. లింకన్ కెథడ్రల్‌లో పిల్లవాడి సమాధి దగ్గర, ఆ బలి కథలు అల్లినవని, వాటి వల్ల ఎందరో నిరపరాధులు చనిపోయారని చెప్పే ఫలకం 1950లలో గానీ రాలేదు. అప్పటికి ఏడు వందల ఏళ్ళు. కాబట్టి క్షమాపణ ఆలస్యమైందే తప్ప అనవసరం కాదు. నేను చూసిన వారసుల్లో, పొలం ఉంచుకుని అప్పు కాదన్నవాళ్ళే ఎక్కువ.

నా మనవరాలు ఈ దేశంలో పుట్టింది. ఆమె పుట్టిన ఆసుపత్రిలో మేము ఒక్క పైసా కట్టలేదు. రేపు ఇక్కడి బడి, ఇక్కడి ఓటు, ఇక్కడి చట్టం తీసుకుంటుంది. అమ్మాయితో అన్నాను, అన్నీ తీసుకుంటున్నాం కదే, మరి ఈ సంగతి కూడా తీసుకోవాలి, పిల్లకు కాస్త తెలివి వచ్చాక చెప్పు అని. సరేనమ్మా అంది.

తిరుగు ప్రయాణానికి వారం ముందు మళ్ళీ యార్క్ వెళ్ళాం. పూలు అయిపోయి దిబ్బ ఒట్టి పచ్చగా ఉంది. ఈసారి పాపను తోపుడు బండిలో వేసుకుని కోట దగ్గర నుంచి మిన్‌స్టర్ దాకా నడిచాం. ఆ గుంపు నడిచింది కూడా ఇంచుమించు అంత దూరమే, పావుగంట పట్టింది మాకు. చేపలూ చిప్సూ వాసన, ఐస్‌క్రీం బళ్ళు, ఇరుకు సందులు. ఊరవతల జ్యూబరీ అనే చోట వాళ్ళ పాత శ్మశానం ఉండేది, దాని మీద ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళ కారు పార్కింగు ఉంది. 1980లలో అక్కడ తవ్వితే దాదాపు 500 మంది ఎముకలు దొరికాయి, మళ్ళీ పూడ్చారు. అటు వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు.

మిన్‌స్టర్‌లో ఒక వాలంటీరు పెద్దావిడను, 1190లో పత్రాలు కాల్చింది ఎక్కడ అని అడిగాను. ఆవిడ నన్ను ఒకసారి తేరిపార చూసి, చాలా మర్యాదగా చెప్పింది, ఇప్పుడున్న చర్చి ఆ తర్వాత కట్టింది, అప్పటి చర్చి పునాదులు కింద ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు అని. అమ్మాయి పాపతో పైనే బెంచీ మీద కూర్చుంది. నేను మెట్లు దిగి వెళ్ళాను. తక్కువ వెలుతురు. పాత గోడ రాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఒక చోట చెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. మసి లాంటిదేమైనా కనబడుతుందేమోనని వెతికాను, ఎందుకు వెతికానో నాకే తెలియదు. ఫోన్ మోగింది. "పైకి రా అమ్మా, పాప లేచింది, ఒకటే ఏడుపు" అంది మా అమ్మాయి. మెట్లెక్కి వచ్చేశాను.